పటంలో బాయి ఏది?

"పెద్దమ్మా, పటం గీసేటందుకు ఏ సాఫ్ట్‌వేర్ తీసుకుందాం?" అని మా చెల్లెలి బిడ్డ అడిగినప్పుడు, అది సంతలో చాట ఎంచుకున్నంత చిన్న పనే అనుకున్నాను. ధర ఎంత, మన కంప్యూటర్‌లో నడుస్తుందా, నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది, ఈ మూడూ తెలిస్తే చాలనుకున్నాను. రెండు నెలలు గడిచేసరికి ఆ ప్రశ్న నన్ను ఓరుగల్లు కోట దాకా, అక్కణ్ణించి మా నాయిన భూమి కాగితాల దాకా తీసుకుపోయింది. ఆ దారినే ఇక్కడ రాస్తున్నాను.

మాది హన్మకొండ. చిన్నప్పుడు మా అమ్మమ్మ 'అక్కల పట్నం' అని ఒక కథ చెప్పేది. పాకాల అడవికి అవతల, ఏడు చెరువులు దాటితే వచ్చే పట్నం అది. అక్కడ ఆడవాళ్లు నడిరాత్రి కూడా చెరువు కట్ట మీద ఒంటరిగా నడుస్తారు. ఎక్కడికి పోతున్నావని ఎవరూ అడగరు. కథలో ఇంతకు మించి పెద్ద వింతలేవీ లేవు. రాక్షసులూ లేరు, రాకుమారుడూ లేడు. అయినా మేం ఆడపిల్లలం ముగ్గురం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. ఏ చెరువు తర్వాత ఏ చెరువు వస్తుందో ఆమె ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. అక్షరం రాని మా అమ్మమ్మ తలలో ఒక పటం ఉండేదని నాకిప్పుడు అర్థమవుతోంది. ఆ కథను పిల్లల పుస్తకంగా తెద్దామనుకున్నాం. పుస్తకం మొదటి పేజీలో పటం ఉండాలని మా పిల్ల పట్టుబట్టింది.

తెలుగులో పటం అంటే బొమ్మా అవుతుంది, మ్యాపూ అవుతుంది. గోడ మీదిది దేవుడి పటం, బడిలోది దేశపటం. తెలంగాణలో భూమి దగ్గరికి వచ్చేసరికి 'నక్షా' అంటాం. ఉర్దూ ద్వారా మనకు వచ్చిన ఈ మాటకు అరబ్బీ మూలం 'నక్ష్', అంటే చిత్రించడం, చెక్కడం. చేర్యాల పటాలు వేసే నకాశీల పేరు కూడా ఆ మూలం నుంచి పుట్టిందే. అంటే భూమి కొలతల కాగితానికీ, కథ చెప్పే రంగుల గుడ్డకూ మన నోట ఒకే ఇంటిపేరు ఉంది. కొలిచి గీసిందే నిజమైన మ్యాపు, ఊహించి గీసింది బొమ్మ అనే తేడా మన భాష పెట్టుకోలేదు. ఆ తేడా తర్వాత వచ్చింది.

చేర్యాల 2016 దాకా వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు కలిపి పూసి, ఆరబెట్టి, దాని మీద ఎర్రటి నేల వేసి బొమ్మలు నింపుతారు. పటం కథ చెప్పేవాళ్లు ఆ చుట్టను అంకణం తర్వాత అంకణంగా విప్పుతూ ఒక్కో కులం పుట్టుక కథను ఊరి ముందు పాడేవాళ్లు. ఆ పటంలో ఉత్తరం పైన ఉండాలన్న నియమం లేదు, ఇన్ని గజాలకు ఇంత అన్న కొలతా లేదు. కథలో ముఖ్యమైనవాళ్లు పెద్దగా ఉంటారు, ముందు జరిగింది పైన ఉంటుంది. పరమపద సోపాన పటమూ ఇలాంటిదే. నిచ్చెనలకు మంచి గుణాల పేర్లు, పాములకు చెడ్డ గుణాల పేర్లు పెట్టి మనిషి నడవడికనే ఒక ప్రదేశంగా గీశారు. శివరాత్రి జాగారాల్లో గవ్వలేసి దాని మీద ఊరేగని ఆడవాళ్లు మన ఇళ్లల్లో తక్కువ.

ఇలా గుణాలనూ భావాలనూ ప్రదేశాలుగా గీసిన పటం ఐరోపాలో ఒక స్త్రీ పేరుతో ప్రసిద్ధికెక్కింది. ఫ్రాన్సులో మదలెన్ ద స్క్యుదెరీ రాసిన 'క్లెలీ' నవల మొదటి సంపుటంలో, 1654లో, ఒక పటం అచ్చయింది. పేరు 'కార్త్ ద తాంద్ర్', అనురాగ దేశపు పటం అనుకోవచ్చు. 'కొత్త స్నేహం' అనే ఊళ్లో ప్రయాణం మొదలవుతుంది. గౌరవం, కృతజ్ఞత, ఇష్టం పేర్లతో మూడు నదులు, వాటి ఒడ్డున మూడు పట్నాలు. దారి తప్పి అలక్ష్యం వైపు నడిస్తే ఉదాసీనత అనే చెరువులో పడతారు. ఇంకో పక్క పగ అనే సముద్రం. పైన 'ప్రమాదకర సముద్రం', దానికవతల 'తెలియని నేలలు'. ఒక మగవాడు ఒక స్త్రీ మనసు దగ్గరికి రావాలంటే ఏ ఏ ఊళ్ల మీదుగా నడిచి రావాలో ఆ స్త్రీయే నిర్ణయించి గీసిన పటమిది. అయిదేళ్ల తర్వాత, 1659లో, మోలియేర్ తన ప్రహసనంలో ఈ పటాన్ని నమ్ముకునే ఆడవాళ్లను వెక్కిరించి జనాన్ని నవ్వించాడు. నవ్వు సంగతి అలా ఉంచితే, ఆ నవల అచ్చయింది స్క్యుదెరీ పేరుతో కాదు, ఆమె అన్న పేరుతో. ప్రేమదేశానికి దారులు వేసిన మనిషికి సొంత పుస్తకం అట్ట మీద జాగా దొరకలేదు.

ఇక ఓరుగల్లుకు వద్దాం. ఊహాలోకాల పటాలు గీసేవాళ్లు ఈ కోటను ఒక్కసారి చూస్తే ఎవరో కాగితం మీద వృత్తలేఖినితో గీసి నేల మీదికి దించారనుకుంటారు. నడుమ స్వయంభూ శివాలయం, దాని నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. చుట్టూ సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో రాతి కోట, దాని బయట సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టి కోట, అగడ్తలు. నాలుగు దిక్కులకూ ద్వారాలు. గణపతిదేవుడు మొదలుపెట్టిన ఈ నిర్మాణాన్ని పూర్తిచేసి బలపరిచింది ఆయన కూతురు రుద్రమదేవి. అంటే ఇంత పెద్ద పట్నపు రూపురేఖల్లో ఒక స్త్రీ నిర్ణయం ఉంది. 1262 ప్రాంతం నుంచి 1289 దాకా ఏలిన ఆమెను చాలా శాసనాలు 'రుద్రదేవ మహారాజు' అనే మగపేరుతోనే పిలిచాయి. ఆమె చనిపోయిన సంగతి నల్లగొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం వల్ల తెలిసింది. మోటుపల్లి సంగతి రాసిన మార్కో పోలో ఆ రాజ్యాన్ని ఏలే రాణిని మెచ్చుకున్నాడు గానీ పేరు చెప్పలేదు. స్క్యుదెరీది అన్న పేరు, రుద్రమది మగపేరు. ఇద్దరి మధ్య దాదాపు నాలుగు వందల ఏళ్లు, ఎన్నో వేల మైళ్లు. ఏర్పాటు మాత్రం ఒక్కటే.

ఆ పట్నం వీధుల్లో ఏముండేదో మనకు చెప్పేది 'క్రీడాభిరామం'. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ఉన్న ఈ వీధి నాటకంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక రోజంతా ఓరుగల్లు వీధులు తిరుగుతారు. గుళ్లు, పూటకూళ్లిల్లు, ఆటపాటలు, మాచల్దేవి ఇంటి చిత్రశాల, అన్నీ చూస్తారు. చరిత్రకారులు దీన్ని ఎంతగానో వాడుకున్నారు. నేనూ డిగ్రీ పిల్లలకు ఇష్టంగా పాఠం చెప్పాను. పటం పని మొదలుపెట్టాక మళ్లీ చదివితే ఒక సంగతి గుచ్చుకుంది. ఇందులో నడిచేది ఇద్దరు మగవాళ్లు. వాళ్లు చూసేవాటిలో సగం ఆడవాళ్లే. గుడి ఎలాగో, తోట ఎలాగో, ఆడమనిషీ అలాగే ఆ దారిలో ఒక ఆనవాలు. అదే రోజు అదే వీధిలో ఒక పూలమ్మే ఆమె నడిస్తే ఆ పట్నం ఎలా కనిపించేది? ఏ సందులో తొందరగా అడుగులు వేసేది, ఏ అరుగు మీద నిలబడి ఊపిరి తీసుకునేది? ఆ పటం మన దగ్గర లేదు. మా అమ్మమ్మ కథలోని 'ఎవరూ అడగరు' అన్న ఒక్క మాట ఆ ఖాళీలోంచే వచ్చిందని నా నమ్మకం.

మన జానపద కథల భూగోళంలోనూ ఇదే వరస. బాలనాగమ్మ కథ అందరికీ తెలుసు. మాయల ఫకీరు ఆమెను కుక్కపిల్లగా మార్చి నాగళ్లపూడి గట్టుకు ఎత్తుకుపోతాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. సముద్రాలు దాటేది కొడుకు బాలవర్ధిరాజు. తల్లి ఏళ్ల తరబడి ఒక్కచోటే ఉంటుంది. కొండలూ అడవులూ సముద్రాలూ మగపిల్లవాడు దాటడానికి, గుహ ఆడమనిషి ఉండడానికి. 'చందమామ'లో 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు చదివి పెరిగినదాన్ని నేను. ఆ లోయలూ శిథిల నగరాలూ నాకిప్పటికీ కలలోకి వస్తాయి. ఆ దారుల్లో గుర్రమెక్కి పోయిన వీరుల పక్కన నేనెప్పుడూ నన్ను ఊహించుకోలేకపోయాను. రాజకుమారిగా ఊహించుకుంటే గుహలో కూర్చోవాలి కదా!

మరి ఆడవాళ్లే లోకాన్ని కల్పిస్తే? 1905లో రొకేయా సఖావత్ హుసేన్ 'సుల్తానాస్ డ్రీమ్' అనే కథ ఇంగ్లీషులో రాశారు. స్త్రీలు పాలించే ఆ దేశంలో మగవాళ్లు పరదాలో ఉంటారు, వంట సూర్యుడి వేడితో అవుతుంది, వీధులు తోటల్లా ఉంటాయి. పరదా లేకుండా బయటికి వచ్చిన సుల్తానా మొదట సిగ్గుతో, భయంతో నడుస్తుంది. ఇక్కడ మగవాళ్లు ఎదురుపడరని తెలిశాక కుదుటపడుతుంది. ఆ కథ అచ్చయింది మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మేగజీన్'లో. దాని సంపాదకురాలు కమలా సత్యనాథన్ మన రాజమండ్రి ఆడపడుచు. బెంగాలీ ముస్లిం స్త్రీ కన్న కలను ఒక తెలుగు క్రైస్తవ స్త్రీ అచ్చు వేసిందన్నమాట. దానికి పటం లేదు. ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

తర్వాతి కాలంలో ఊహాలోకాల పటాలంటే అందరికీ గుర్తొచ్చేది టోల్కీన్. 1954లో వచ్చిన ఆయన నవలకు పటం గీసింది కొడుకు క్రిస్టఫర్. కానీ 1970లో ఆ లోకాన్ని పెద్ద గోడపటంగా రంగుల్లో వేసింది పాలీన్ బేన్స్ అనే చిత్రకారిణి. భూగోళశాస్త్రం చదివిన కారెన్ విన్ ఫాన్‌స్టాడ్ 1981లో ఆ లోకానికి ఏకంగా అట్లాసు తయారుచేసింది. ఏ రోజు ఎవరు ఎన్ని మైళ్లు నడిచారో నవల్లోంచి లెక్కతీసి మరీ గీసింది. అర్సులా లె గ్విన్ 'ఎర్త్‌సీ' మొదటి నవల (1968) రాయకముందే ఆ ద్వీపాల పటం గీసుకున్నారు. పటం ముందు, కథ తర్వాత. ఆమెకు పటం ఆలోచించే పద్ధతి. ఈ సంగతి చెప్పగానే మా పిల్ల ఎగిరి గంతేసింది. "చూసినవా పెద్దమ్మా, నేను జెప్పలే?"

ఇంతకీ సాఫ్ట్‌వేర్ దగ్గరికి రాలేదు కదా. వచ్చాను.

ఈ సాఫ్ట్‌వేర్లకూ ఒక చరిత్ర ఉంది. 1974లో అమెరికాలో మొదలైన 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటలో ఆడేవాళ్లకు తమ రాజ్యాల పటాలు కావలసివచ్చాయి. మొదట గళ్ల కాగితం మీద చేత్తో గీసేవాళ్లు. 1993లో 'క్యాంపెయిన్ కార్టోగ్రాఫర్' వచ్చింది. ఇంజనీర్లు ఇళ్ల ప్లాన్లు గీసే పద్ధతి మీద కట్టింది కనుక నేర్చుకోవడం కష్టం, చేయి తిరిగితే ఏదైనా గీయవచ్చు. ఆ తర్వాత బ్రౌజర్‌లోనే నడిచే 'ఇంకార్నేట్' వచ్చింది. కొంత ఉచితం, పూర్తిగా కావాలంటే చందా కట్టాలి. 'వండర్‌డ్రాఫ్ట్' ఒక్కసారి కొని కంప్యూటర్‌లో పెట్టుకునేది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. 'అజ్గార్' అనే పేరుతో ఒకరు తయారుచేసిన మరొకటి పూర్తిగా ఉచితం. ఒక్క నొక్కు నొక్కితే ఖండాలు, నదులు, రాజ్యాలు, మతాలు, సైన్యాలు అన్నీ తానే పుట్టించి పెడుతుంది. ఆ పక్కనే, పటాల కోసమని కాకుండా గీతబొమ్మల కోసం 2003 నుంచీ ఉన్న 'ఇంక్‌స్కేప్' ఉంది. అదీ ఉచితమే.

మొదటి సాయంత్రం ఒక సాఫ్ట్‌వేర్ తెరిచి ఏడో చెరువు పేరు 'లక్ష్మక్క చెరువు' అని టైపు చేశాం. తెర మీద ఒత్తులు ఊడి పక్కన పడ్డాయి. 'క్ష్మ' కాస్తా మూడు ముక్కలై కూర్చుంది. మా పిల్ల నవ్వి, "ఉండు, ఇంకోటి రాసి చూస్త" అని 'స్త్రీ' అని కొట్టింది. అదీ ముక్కలైంది. స్త్రీ అన్న మాట రాయలేని చోట అక్కల పట్నం ఎలా కడతాం? నవ్వుకున్నాం గానీ నాకు లోపల చివుక్కుమంది. తెలుగు లిపికి 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే చోటు దొరికింది. కానీ అక్షరానికి సంఖ్య ఇస్తే సరిపోదు. ఒత్తు ఏ హల్లు కింద కూర్చోవాలో, గుడి ఎక్కడ పెట్టాలో లెక్కగట్టే యంత్రాంగం ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. ఇంగ్లీషు ఒక్కటే మనసులో పెట్టుకుని కట్టినవాటిలో అది ఉండదు. కొన్నిట్లో నేరుగా రాస్తే బాగానే వస్తుంది. నది వంపు వెంట పేరు వంచి రాయబోతే, ఒక్కో అక్షరాన్ని విడదీసి పెడుతుంది కనుక మళ్లీ ముక్కలే. కనుక పటం గీయదలచుకున్న తెలుగువాళ్లకు నేను చెప్పే మొదటి పరీక్ష ఇది. డబ్బు కట్టకముందు 'స్త్రీ' అని నేరుగా ఒకసారి, వంపులో ఒకసారి రాసి చూడండి.

రెండో సాయంత్రం గుర్తుల గొడవ. తయారుగా ఇచ్చిన బొమ్మల్లో మంచుకొండలు, సూది ఆకుల చెట్లు, శిఖరాల కోటలు, ఓడలు దండిగా ఉన్నాయి. తాటిచెట్టు వెతగ్గా వెతగ్గా దొరికింది, ఇప్పచెట్టు దొరకలేదు. చెరువు అసలే లేదు. సరస్సు ఉంది. సరస్సు వేరు, చెరువు వేరు. చెరువుకు కట్ట ఉండాలి, తూము ఉండాలి, మత్తడి ఉండాలి, కింద ఆయకట్టు ఉండాలి. చెరువు మనుషులు కట్టింది. కాకతీయుల నాడు ఒక చెరువు మత్తడి నీళ్లు దిగువ చెరువులోకి, దాని నీళ్లు ఇంకో చెరువులోకి పోయేలా గొలుసుకట్టుగా కట్టారు. రామప్ప, పాకాల, లక్నవరం ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. 2015లో 'మిషన్ కాకతీయ' మొదలైనప్పుడు తెలంగాణలో లెక్కకు వచ్చిన చెరువులూ కుంటలూ 46 వేలకు పైనే. నది కొండలో పుట్టి సముద్రంలో కలుస్తుంది, నదులు కలుస్తాయి గానీ విడిపోవు అని ఊహాపటాలు గీసేవాళ్లకు ఒక సూత్రం చెబుతారు. మంచి సూత్రమే. కానీ మా అమ్మమ్మ లోకంలో నీళ్లు చెరువు దగ్గర రెండు దారుల్లో విడిపోతాయి, తూములోంచి పొలానికి, మత్తడి మీంచి కింది చెరువుకు. ఆ లోకానికి సముద్రమే లేదు.

ఈ లోపం ఊహాపటాలదే అనుకుంటే పొరపాటు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హన్మకొండ కాలనీలు మునిగాయి. 2023లో భద్రకాళి చెరువు కట్టకు గండిపడింది. నీళ్లు తమ పాత దారి మరచిపోలేదు. కాగితాల మీద ఆ దారుల్ని ప్లాట్లుగా గీసిన మనం మరచిపోయాం. మోకాటి లోతు నీళ్లలో పిల్లల్ని ఎత్తుకుని, బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని మేడలెక్కినవాళ్లు ఎక్కువగా ఎవరో చెప్పక్కర్లేదు.

చెరువు కట్ట అంటే మాకు ఇంకో అర్థం కూడా ఉంది. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవాళ్లు పూలు పేర్చుకుని, పొద్దుగూకాక గుంపులుగా వీధుల్లోంచి నడిచి చెరువు దగ్గరికి పోతారు. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి ముందు ఇసుక వేస్తే రాలదన్నంత జనం. సంవత్సరంలో ఆ కొద్ది రోజులు రాత్రిపూట రోడ్డు మాది. అమ్మమ్మ ఆ కొద్ది రోజుల్ని సాగదీసి ఏడాదంతా పరిచి, అక్కల పట్నం అని పేరు పెట్టిందేమో!

మూడో సాయంత్రం 'అజ్గార్' పెట్టి చూశాం. పొరలు పొరలుగా విప్పితే రాజ్యాలు, రాష్ట్రాలు, మతాలు, సైన్యాలు వచ్చాయి. పట్నాలకు కోటా, ప్రాకారం, గుడి, రేవు ఉన్నాయా లేవా అని అడిగింది. చాలా తెలివైన పనిముట్టు, అందులో సందేహం లేదు. తెలుగు కూడా బాగానే చూపించింది, ఎందుకంటే అది బ్రౌజర్ నేర్చుకున్న తెలుగును వాడుకుంటుంది. కానీ రాజ్యమంటే సరిహద్దు, రాజధాని, సైన్యం అనే అవగాహన దాని పునాదిలోనే ఉంది. సరిహద్దు లేని పట్నం గీయాలంటే మేం ఒక్కో పొరా తీసేసుకుంటూ పోవాల్సి వచ్చింది. అన్నీ తీసేశాక ఖాళీ నేల మిగిలింది. "గిదేదో బడి నక్షా లెక్కుంది" అన్నది మా పిల్ల.

బడి నక్షా అనగానే నాకు మరో నక్షా గుర్తొచ్చింది. నిజాం కాలపు సర్వేలనుంచి మన ఊళ్లకు సేత్వార్, టిప్పన్, గ్రామ నక్షా అనే కాగితాలున్నాయి. గట్టు ఎక్కడ, ఎవరి పేరున ఎంత అనేది అందులో ఉంటుంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ సాగుచేసిన నాలుగెకరాల కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన చరిత్ర ఈ నేలది. ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చేదాకా వాళ్లు నడిచిన అడవిదారులు ఎవరి పటంలోనూ లేవు. మా ఇంటి సంగతీ చెబుతాను. మా అమ్మ నలభై ఏళ్లు నాట్లేసి, కలుపు తీసి, కోత కోసిన పొలం నక్షాలో నాయిన పేరు, ఆయన తర్వాత తమ్ముళ్ల పేర్లు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన వాటా అని ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం తెచ్చింది, అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించదు. నా పెళ్లి 1982లో. 2005లో దేశమంతటికీ చట్టం మారేసరికి మా ఇంట్లో పంపకాలు, రిజిస్ట్రేషన్లు ఎప్పుడో అయిపోయాయి. తమ్ముళ్లతో నాకు తగవు లేదు, వాళ్లు మంచివాళ్లే. కానీ నేను పుట్టి పెరిగిన భూమి పటంలో నా పేరు లేదన్నది నిజమే కదా.

నిజమైన పటాలు కూడా ఎంత నిలకడగా ఉన్నాయని! నేను పాఠం చెప్పిన వరంగల్ జిల్లా 2016 అక్టోబరులో ముక్కలైంది. 2019లో ములుగు వేరైంది. 2021లో వరంగల్ అర్బన్ హన్మకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. ఇల్లు కదలకుండానే నేను మూడు జిల్లాల్లో ఉన్నాను. 2021 ఫిబ్రవరి దాకా దేశంలో పటాలు తయారుచేయడానికి రకరకాల అనుమతులుండేవి, అప్పుడు చాలావరకు సడలించారు. ఊహాలోకపు పటానికి మాత్రం ఎప్పుడూ ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే అక్కడ కూడా మనం ఎవరో ఇచ్చిన కోటలూ సైన్యాలే అతికించుకుంటే అంతకంటే నష్టం ఏముంటుంది?

చివరికి ఇంక్‌స్కేప్ తీసుకున్నాం. కారణాలు చెప్పాలి. తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. డబ్బు కట్టక్కర్లేదు, చందా ఆగితే మన పటం చేజారుతుందన్న భయం లేదు. ఇందులో బొమ్మ గీతల లెక్కగా ఉంటుంది. ముగ్గు చిన్న గడపకూ పెద్ద వాకిలికీ అదే లెక్కలో పెంచినట్టు ఎంత పెంచినా చెదరదు. చుక్కలతో నింపే సాఫ్ట్‌వేర్లయితే అచ్చుకు అంగుళానికి 300 చుక్కలుండాలి. అయిదంగుళాల పేజీకి 1500 చుక్కల వెడల్పు లేకపోతే మసకగా వస్తుంది, ముందే చూసుకోవాలి. ఇంకోటి, మన ప్రెస్సుల్లో చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లతోనే పని. మన ఫాంటు వాళ్ల దగ్గర లేకపోతే పేర్లు మారిపోతాయి. అందుకని పని అంతా అయ్యాక ఒక నకలు తీసి, అందులో అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చి పంపాలి. అసలుది మాత్రం అక్షరాలుగానే దాచుకోవాలి. లేకపోతే రేపు ఒక పేరు దిద్దుకోలేం. ఇబ్బందీ ఉంది. కొండలు, చెట్లు తయారుగా దొరకవు, అన్నీ మనమే గీసుకోవాలి. మాకు కావలసిందీ అదే. మా పిల్ల కాగితం మీద కట్ట, తూము, మత్తడి, ఇప్పచెట్టు, బొడ్రాయి, మగ్గం, బతుకమ్మ ఆడే జాగా గీసింది. ఫోటో తీసి కంప్యూటర్‌లో వాటి మీద గీతలు దిద్దింది. ఉత్తరం పైన పెట్టలేదు. కథ మొదలయ్యే ఊరు పైన, పట్నం కింద, మధ్యలో ఏడు చెరువులు, చేర్యాల పటం చుట్ట విప్పినట్టుగా.

పటం మూలన ఎవరి పేరు వేయాలన్న ప్రశ్న వచ్చింది. గీసింది మా పిల్ల, రాసింది నేను. దారి చెప్పింది మాత్రం అమ్మమ్మ. మూడు పేర్లూ వేశాం, అమ్మమ్మది ముందు. ఆమె పేరు అచ్చులోకి ఎక్కడం ఇదే మొదటిసారి. ఓటరు జాబితాలో కూడా 'ఫలానావారి భార్య' అని తప్పుగా వేరే పేరు ఉండేది.

పటం పూర్తయ్యాక పెద్ద కాగితం మీద అచ్చు తీయించి అమ్మకు చూపించాం. అమ్మకు ఎనభై దాటాయి, చూపు ఆనదు. వేలు పెట్టి ఒక్కో చెరువూ తడుముతూ పోయింది. మేం పేర్లు చదువుతుంటే తల ఊపింది. ఏడో చెరువు దాటి పట్నం దగ్గర వేలు ఆగింది. అటూ ఇటూ వెతికింది.

"బాయేది బిడ్డా?" అన్నది. "గింత పట్నం గట్టిన్రు, ఆడోళ్లు తాగెటందుకు నీళ్లేడ తోడుకుంటరు?"

నేనూ మా పిల్లా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కోటలు తీసేశాం, సైన్యాలు తీసేశాం, చెరువులు పెట్టాం, బతుకమ్మ జాగా పెట్టాం. బాయి గుర్తు రాలేదు. నల్లా తిప్పితే నీళ్లొచ్చే ఇంట్లో పెరిగిన దానికి గుర్తు లేకపోవచ్చు. పదేళ్ల వయసులో బిందె మోసిన నేను ఎలా మరచిపోయాను?

మా పిల్ల మళ్లీ కంప్యూటర్ తెరిచింది. "అమ్మమ్మా, మోట బాయా, చేద బాయా?" అని అడిగింది. అమ్మ చేద బాయి అన్నది. గిలక కూడా పెట్టమన్నది.